చప్పట కొట్టావా?

రేయో నియెమెలాకు నేను చేసిన అన్యాయం ముందే చెప్పేస్తాను. ఆయన పదకొండేళ్ళుగా పోగుచేసిన చప్పట్లన్నిటినీ ఒక సోమవారం, భోజనానికీ కాఫీకీ మధ్య, ఒక్క మీట నొక్కి చెరిపేశాను. చెరిపి, చేతులు దులుపుకుని, ఈల కూడా వేశాను.

చప్పట్లు పోగుచేసే మనిషి కూడా ఉంటాడా అంటారేమో. కెనడాలో, థండర్ బే అనే ఊళ్ళో ఉన్నాడు. రేయోకు ఉన్నది ఒకటే పిచ్చి. ఏ పని మొదలుపెట్టినా ముందు రెండు చేతులూ ఎత్తి, ఎదుటి మనిషి ముక్కుకు జానెడు దూరంలో, ఠప్పున ఒకే ఒక్క చప్పట కొడతాడు. రెండోది కొట్టడు. కొట్టి, ఏమీ ఎరగనట్టు కళ్ళజోడు సర్దుకుంటాడు.

మేమిద్దరం డోరీన్ నడిపే వీడియో కొట్టులో పనిచేసేవాళ్ళం. పెళ్ళిళ్ళు, చర్చి పండగలు, మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ పోటీలు, పిల్లల హాకీ, ఏది వస్తే అది తీసి, కత్తిరించి, అతికించి ఇచ్చేవాళ్ళం. కెమెరా బొమ్మను తీస్తుంది. పక్కన ఇంకో చిన్న పెట్టె మాటను పట్టుకుంటుంది. తర్వాత కంప్యూటరులో ఆ రెంటినీ కలపాలి. బొమ్మలో చేతులు తగిలిన చోటునూ, శబ్దపు గీత ముల్లులా లేచిన చోటునూ ఒకదాని కింద ఒకటి పెడితే, మాటా పెదవీ కలిసి నడుస్తాయి. లేకపోతే పెళ్ళికొడుకు ‘ఒప్పుకుంటున్నాను’ అన్న మాట వినిపించాక అరక్షణానికి నోరు తెరుస్తాడు. చూసేవాళ్ళకు అనుమానాలు వస్తాయి.

అంతవరకూ అది వృత్తి. రేయో దాన్ని మతం చేసుకున్నాడు.

పొద్దున్నే పాన్‌కేకులు తినడానికి హోటలుకు వెళ్తే, వడ్డించే ఐలా ముందు కూడా ఠప్!

“కాఫీ కావాలంటే నోటితో అడగొచ్చుగా రేయో? నా చేతిలో వేడి కెటిల్ ఉంది!”

“అడుగుతా. ముందు నువ్వు సిద్ధమో కాదో తెలియాలిగా.”

“ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడే నిలబడి ఉన్నాను కదయ్యా!” అని ఐలా నవ్వి, ఆయన కప్పులో కంటే సాసరులో ఎక్కువ పోసేది.

పళ్ళ డాక్టరు దగ్గర నోరంతా తెరిచి పడుకుని కూడా చేతులు పైకెత్తి కొట్టాడట. డాక్టరు చేతిలోని పనిముట్టు ఎగిరి నర్సు కాఫీలో పడింది. లూథరన్ చర్చిలో వేదిక ముందు కొడితే పాస్టరు మండిపడ్డాడు.

“ఇది దేవుడి ఇల్లు రేయో! ఇక్కడ కూడానా?”

“పాస్టరుగారూ, మీ మాటలు ఒక దారి, మీ పెదాలు ఒక దారి పోతే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?”

పాస్టరుకు నవ్వాగలేదు. ముక్కుతో ఒక చిన్న కూత వేసి, దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు. అంత్యక్రియలయితే మాత్రం రేయో మర్యాద పాటిస్తాడు. అరచేతి మీద రెండు వేళ్ళతో, పిల్లి నడిచినంత మెత్తగా కొడతాడు. కొట్టడం మాత్రం మానడు.

ఊరు ఊరంతా ఆయన్ని చూసి నవ్వుకునేది. ఆయన చేతులెత్తగానే జనం జేబుల్లోంచి ఫోన్లు తీసి వీడియో పట్టేవాళ్ళు. ‘చప్పట్ల రేయో మళ్ళీ కొట్టాడు’ అని చుట్టాలకు పంపుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఇంట్లో కూర్చుని వీడియో చేసుకునేవాడికి ఏ తంటా వచ్చినా ఫోను రేయోకే. ఎవరు ఏ రోగం చెప్పినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే.

“రేయో, మా అబ్బాయి బొమ్మ ఉండాల్సిన చోట ఎర్రటి తెర వస్తోంది!”

“చప్పట కొట్టావా?”

“దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“ఏమీ లేదు. ఫైళ్ళున్న ఫోల్డరు పేరేమైనా మార్చావా?”

“‘కొత్త ఫోల్డరు’ అని ఉంటే బాగాలేదని ‘మా బంగారం’ అని పెట్టాను.”

“ఇల్లు మారి పోస్టువాడికి చెప్పలేదన్నమాట. వాడు పాత గుమ్మం ముందు నిలబడి ఏడుస్తున్నాడు. కొత్త చిరునామా చూపించు, ఊరుకుంటాడు.”

ఇంకొకాయన అరిచేవాడు: “అంతా అయిపోయింది, ఫైలు బయటికి తీస్తుంటే తొంభై ఏడు శాతం దగ్గర ఆగిపోతోంది! నాలుగుసార్లు చేశాను!”

“చప్పట...”

“కొట్టలేదయ్యా, కొట్టలేదు!”

“నాలుగుసార్లూ అదే తొంభై ఏడా? అయితే సరిగ్గా అక్కడున్న ముక్క పాడయింది. గొంతులో ముల్లు పెట్టుకుని ఎన్నిసార్లు మింగితే మాత్రం దిగుతుంది? ఆ ముక్క తీసెయ్. కెమెరా కార్డులోంచి మళ్ళీ తెచ్చి పెట్టు.”

మాట మొదట బాగానే ఉండి, పోనుపోను పెదవిని వదిలి వెనకబడుతోందని ఎవరైనా అంటే, ఫోనుతో తీశావా అని అడిగేవాడు. “ఫోను బద్ధకస్తురాలు. సెకనుకు ముప్పై బొమ్మలు తియ్యమంటే, చీకటిగా ఉందని ఇరవై ఏడు తీసి ఊరుకుంటుంది. ముందు దాని నడక సమం చెయ్యి. కత్తెర తర్వాత.”

ఇంత తెలిసిన మనిషికి, అసలు చప్పటతోనే పనిలేదని తెలియకపోవడం నాకు ఒళ్ళుమండే విషయం. అప్పటికి నాకు ఇరవై మూడు. గ్రంథాలయంలో గోడకు ఆనుకుని ఉన్న మూడు బీరువాల పుస్తకాలూ ఒంటరిగా చదివేసి, ఈ ఊళ్ళో నాతో మాట్లాడదగ్గవాడు ఎవడూ లేడని తేల్చుకుని ఉన్నాను.

“రేయో, ఇప్పుడు కంప్యూటరే రెండు శబ్దాలూ విని దానంతటదే కలిపేస్తుంది. ఒక్క మీట నొక్కితే చాలు. మీ చప్పట ఎవరికి కావాలి?”

“ఊఁ,” అని, నా ముక్కు ముందు ఠప్పుమనిపించేవాడు.

నేను నవ్వేవాణ్ణి కాదు. ఊరందరూ ఉలిక్కిపడి నవ్వేవాళ్ళు, నేను మాత్రం గోడలా నిలబడేవాణ్ణి. రోజుకు ఒకసారి చొప్పున మూడేళ్ళు కొట్టాడు. మూడేళ్ళూ నేను గోడనే.

ఆ సెప్టెంబరులో రేయో చేపలు పట్టుకుంటానని సరస్సు ఒడ్డున ఉన్న తన చిన్న చెక్కయింటికి, మా ఊరి భాషలో క్యాంపుకు, వారం రోజులు వెళ్ళాడు. అదే వారం హాకీ టోర్నమెంటు పని వచ్చిపడింది. చూస్తే డిస్కు నిండిపోయి ఉంది. కంప్యూటరు అడుగు ముందుకెయ్యనంది.

“ఏదో ఒకటి చెయ్యి తారస్, ఆ పిల్లల తల్లులు నన్ను బతకనివ్వరు,” అంది డోరీన్.

మా సాఫ్ట్‌వేరులో ఒక మీట ఉంటుంది. పూర్తయిన వీడియోలో వాడిన ముక్కలు మాత్రం ఉంచి, వాడని భాగాన్నంతా గొరిగేస్తుంది. తెరిచి చూశాను. ప్రతి షాటు ముందూ రేయో చేతులు, చప్పట, ఆ తర్వాత పది సెకన్ల చెత్త. పదకొండేళ్ళ చెత్త! లోపల ఎక్కడో మహా సంతోషం వేసింది. నొక్కాను. మా నకలు డిస్కు పరమ విధేయురాలు. అసలు డిస్కులో ఏది చెరిగితే అది తనూ చెరిపేసుకుంటుంది. పైగా ఖాళీ అయిన చోట అప్పటికప్పుడు పదేళ్ళ పిల్లల హాకీ అంతా ఎక్కించేశాను. పోయినవాటిని తవ్వి తీసే దారి కూడా మూసుకుపోయింది.

డోరీన్ నా భుజం తట్టింది. అప్పుడే ఈల వేశాను.

గురువారం హెల్వి లాసిలా వచ్చింది. ఆవిడ భర్త ఉర్హో అంతకు ముందు వారం పోయాడు. శనివారం, ఫిన్లాండు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కట్టుకున్న ఫిన్నిష్ హాల్లో స్మారక సభ.

“మా ఆయన నవ్వు తీసుకెళ్దామని వచ్చాను,” అంది, లాండ్రీలో ఇచ్చిన కోటు అడిగినట్టు.

“ఏ నవ్వమ్మా?”

“రేయో దగ్గర ఉంటుంది. పక్కింటి సైమికి వాళ్ళాయనది ఇచ్చాడు. ఎదురింటి తూలాకు వాళ్ళ అన్నది ఇచ్చాడు. మా ఆయనది కూడా కర్లింగ్ క్లబ్బు యాభయ్యో ఏటి పండగ వీడియో తీసినప్పుడు పట్టాడు. నేను పక్కనే ఉన్నానుగా.”

నేను ఉర్హో వీడియో తెరిచాను. నాలుగు నిమిషాల పాటు ఆ మనిషి మంచుగడ్డలా నిలబడి ‘అవును’ అన్నాడు, ‘కాదు’ అన్నాడు, ఒకసారి ‘అయ్యుండొచ్చు’ అన్నాడు. ముందు ఏమీ లేదు. నేను గొరిగేశాను.

“నలభై ఆరేళ్ళు కాపురం చేశాను బాబూ,” అంది హెల్వి, తెరవైపు చూస్తూ. “ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ ఇలాగే ఉంటాయి. మనవలు ఈయనకు నవ్వడమే రాదనుకుంటున్నారు. ఒక్కసారి చూపించాలి. శనివారానికి దొరుకుతుందిగా?”

దొరుకుతుందన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆవిడ వెళ్ళగానే కారు తీసి, గంటన్నర దూరంలో ఉన్న క్యాంపుకు పోయాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. గొప్ప గొప్ప పుస్తకాల్లో పశ్చాత్తాపాలు చాలా చదివాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

రేయో చెక్కవంతెన మీద గాలం పట్టుకుని కూర్చున్నాడు. “రేయో, నేనొక పని చేశాను,” అన్నాను.

ఆయన గాలం కింద పెట్టి చేతులు తుడుచుకుని, నా ముక్కు ముందు ఠప్పున కొట్టి, “ఇప్పుడు చెప్పు,” అన్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను, ఈల సంగతితో సహా. ఆయన నీళ్ళలోకి చూశాడు. నన్ను అందులోకి తోస్తాడేమోనని రెండడుగులు వెనక్కి వేశాను.

“బొమ్మలు పోయాయా?”

“పోయాయి.”

“అన్నీ?”

“అన్నీ. మన్నించండి.”

“మన్నింపు తర్వాత. నీకు ఆవిరిస్నానాల గది వేడి పడుతుందా?” అని లేచాడు.

ఆవిరిగది బయట, తువ్వాళ్ళు తగిలించుకునే చిన్న అరలో, నేల నుంచి పైకప్పు దాకా కాఫీ డబ్బాలు. ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి పేరు. మాటను పట్టుకునే ఆ చిన్న పెట్టె కార్డులు ఆయన ఎన్నడూ చెరపలేదు, కంప్యూటరుకు నకలు ఇచ్చి, అసలువన్నీ ఇక్కడికి మోసుకొచ్చాడు. డబ్బాల్లో చీటీలు. ‘పాస్టరు. ముక్కుతో. ప్రాణం పోయినా ఒప్పుకోడు.’ ‘ఐలా. కెటిల్ చప్పుడుతో కలిపి.’ ‘ఉర్హో లాసిలా. చలికాలం ట్రాక్టరు. మూడో గుంజుకు అందుకుంటుంది.’

“అయితే ఈ చప్పట మాటా పెదవీ కలపడానికి కాదా?”

“కంప్యూటరు కలుపుతుందని నువ్వే చెప్పావుగా. నీకంటే ఆరేళ్ళ ముందే తెలుసు నాకు.” డబ్బా మూత తీస్తూ అన్నాడు. “మా ఫిన్నుల మొహాలు చూశావుగా? కెమెరా పెడితే పోలీసులు ఫొటో తీస్తున్నట్టు నిలబడతారు. చప్పట కొడితే ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడ్డందుకు సిగ్గుపడి నవ్వుతారు. ఆ రెండు క్షణాలే ఇంట్లోవాళ్ళకు తెలిసిన మనిషి. ఆ తర్వాత మళ్ళీ తలుపు వేసేసుకుంటాడు.”

నేను డబ్బాల మీది పేర్లు చదివాను. కింది వరసలో ఒక దాని మీద నా పేరు ఉంది. మూత తీస్తే ఖాళీ. చీటీ మాత్రం ఉంది: ‘తారస్. ఇంకా లేదు.’

“మీ డబ్బా ఏది రేయో?”

“నా ముందు చప్పట కొట్టేవాడేడి?” అన్నాడు, మామూలుగా.

ఉర్హో నవ్వు దొరికింది, కానీ చెవికి మాత్రమే. మనవలకు కావాల్సింది కంటికి. కారులో వెనక్కి వస్తుంటే రేయో హఠాత్తుగా, “ఆ రోజు హెల్వి పక్కనే ఉందన్నావు కదూ? చేతిలో ఫోను ఉందా?” అన్నాడు.

హెల్విని అడిగితే ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. “ఉంది... ఏమనుకోకు రేయో. మా చెల్లెలికి పంపుదామని తీశాను. నువ్వు చేసే పిచ్చి పని చూపించి నవ్వుకోవడానికి.”

“ఎంత మంచిదానివమ్మా!” అని రేయో ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

జనవరి చలిలో, కర్లింగ్ క్లబ్బు గుమ్మం ముందు తీసిన వీడియో అది. ఫోను పట్టుకున్న చేతి ఉన్ని తొడుగు మాట వినే రంధ్రాన్ని కప్పేయడంతో వినిపించేదంతా గొంగళి కింద గొణుగుడే. మూలన ఆవిడ బొటనవేలు. కానీ మధ్యలో రేయో చేతులు, చేతుల వెనక ఉర్హో.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం కూర్చున్నాం. నేను గొప్పగా చెప్పిన ఆ కలిపే మీట నొక్కాను. ‘పోలిక దొరకలేదు’ అంది కంప్యూటరు. గొణుగుడుకూ నవ్వుకూ ఏం పోలిక? మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. రేయో కాఫీ తాగుతూ పైకప్పు కేసి చూస్తున్నాడు.

“ఏం చెయ్యమంటారు?” అన్నాను చివరికి.

“చప్పట కొట్టావా?”

“నేను కాదు, మీరే కొట్టారు!” అని అరిచాక నాకు వెలిగింది. బొమ్మలో ఆయన చేతులు తగిలిన చోటు పట్టుకున్నాను. కార్డులో ముల్లు లేచిన చోటు పట్టుకున్నాను. ఒకదాని కింద ఒకటి పెట్టాను. ఉర్హో ఉలిక్కిపడ్డాడు, నోరు తెరిచాడు, ఆ నోట్లోంచి అతని నవ్వే వచ్చింది. అయితే చివరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాక కూడా ట్రాక్టరు నడుస్తూనే ఉంది.

“బద్ధకస్తురాలు,” అన్నాను. ఫోను నడక సమం చేసి మళ్ళీ పెట్టాను. కుదిరింది.

శనివారం హాల్లో ఆ తొమ్మిది సెకన్లు వేశాం. తెరమీద బొటనవేలు, చేతులు, ఠప్! ఉర్హో లాసిలా ఒకసారి గుర్రుమన్నాడు, రెండోసారి గుర్రుమన్నాడు, మూడోసారి అందుకుని భుజాలు కుదిపేస్తూ నవ్వాడు. అప్పుడు ముందు వరసలో ఉన్న చిన్న మనవరాలు, “తాతయ్య పాడైపోయాడు!” అంది. అంతే, రెండు వందల మంది ఫిన్నులు ఒక్కసారిగా నవ్వారు. హెల్వి అందరికంటే గట్టిగా నవ్వి, “మళ్ళీ వెయ్యి బాబూ,” అంది. ఆరుసార్లు వేశాను. పాస్టరు ఆరుసార్లూ దగ్గాడు.

ఆ చలికాలమంతా నేను ఇల్లిల్లూ తిరిగాను. రేయోను వెక్కిరించడానికి తీసిన వీడియోలు ఏమైనా ఉంటే ఇమ్మని అడిగాను. ఇవ్వని ఇల్లు లేదు. కొంతమంది దగ్గర మూడేసి, నాలుగేసి. నేను చెరిపిన వాటిలో ముప్పాతిక వంతు, ఊరి వెటకారంలోంచే మళ్ళీ ఏరుకొచ్చాను. మిగతా పావు దొరకలేదు. ఆ డబ్బాలకు చెవి ఒక్కటే ఉంది.

వేసవి వచ్చాక నాకు విన్నిపెగ్ నగరంలో పని దొరికింది. బయల్దేరే పొద్దున రేయో మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో వాళ్ళావిడ కాల్చిన ఏలకుల రొట్టె, ఇంకో చేతిలో కాఫీ డబ్బా. నా ఎదురుగా నిలబడి చేతుల వైపు చూసుకున్నాడు.

“రెండూ ఖాళీ లేవురా. నువ్వే కొట్టు.”

నేను చేతులెత్తి, ఆయన ముక్కుకు జానెడు దూరంలో, మూడేళ్ళ బాకీ ఒక్కసారిగా తీరేట్టు కొట్టాను. ఎంతమంది ముందు ఎన్ని వేల చప్పట్లు కొట్టాడో, తన ముందు ఒక్కటి పడేసరికి రేయో నియెమెలా కుందేలులా గాల్లోకి ఎగిరాడు. రొట్టె మెట్ల మీద దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆయన కూడా మొదలుపెట్టాడు. గొంతులో ఎక్కడో తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది ఆయన నవ్వు, అప్పుడే మొదటిసారి విన్నాను. ఇద్దరం మెట్లు పట్టుకుని కూర్చున్నాం.

ఆయన కళ్ళు తుడుచుకుని, చొక్కా జేబులోంచి ఆ చిన్న పెట్టె తీశాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. మీట నొక్కి ఆపాడు. కార్డు తీసి, నా పేరున్న డబ్బాలో వేసి, మూత బిగించాడు.

“దారిలో దుప్పులుంటాయి, మెల్లగా పో,” అన్నాడు. “ఇద్దరివీ ఒకే డబ్బాలో పడ్డాయిలే.”